ఎడమవైపు సీటు

మైపాడు
9 జూన్ 2025

తమ్ముడు ప్రకాశానికి,

ఇక్కడ నేను, మీ బావ, సముద్రం ముగ్గురం బాగున్నాం. ఎండ మాత్రం ఎవరి మాటా వినడం లేదు.

మే నెలాఖరుకి నా ఉద్యోగం అయిపోయింది. ముప్పై నాలుగేళ్లు ఏఎన్‌ఎమ్‌గా మోపెడ్ వెనక టీకాల పెట్టె కట్టుకుని ఇందుకూరుపేట మండలమంతా తిరిగినదాన్ని. ఇప్పుడు వరండాలో కూర్చోమంటే ఎలా కూర్చుంటాను? సన్మానం చేసి శాలువా కప్పారు. ఈ ఎండల్లో శాలువా ఎందుకో ఆ కప్పినవాళ్లకే తెలియాలి.

అసలు సంగతి. కారు కొందామనుకుంటున్నాం. పొడుగు తక్కువగా, నిలువు ఎక్కువగా ఉండే ఎస్‌యూవీలు వస్తున్నాయి కదా, అలాంటిది. పెద్ద డబ్బున్నవాళ్లు కొనేది కాదు, మనలాంటివాళ్లు కొని రోజూ వాడుకునేది. షోరూమ్‌లో అమ్మాయి చెప్పింది విన్నాను. ఆ పిల్లకి అన్నీ మంచివే. నాకు నమ్మకమైన మెకానిక్ భూమ్మీద ఒక్కడే, వాడు సూళ్లూరుపేటలో షెడ్ పెట్టుకుని పెళ్లి కూడా చేసుకోకుండా స్పానర్లతో కాపురం చేస్తున్నాడు. ఫోన్ చేస్తే వాడికి వినపడదు. మెసేజీ పెడదామంటే వాడిది బటన్ల ఫోను. అందుకే ఉత్తరం.

నాకు తెలియవలసినవి ఇవి. రొయ్యల గుంటల కట్టల మీద కడుపు తగలకుండా పోవాలి. ఉప్పుగాలికి తుప్పు పట్టకూడదు. క్లచ్ మెత్తగా ఉండాలి, మోకాలు నొప్పి ఉన్నవాళ్లు కూడా తొక్కగలగాలి.

ఎవరు నడుపుతారని మాత్రం అడగొద్దు.

మీ అక్క
ఆనందకుమారి


సూళ్లూరుపేట
14 జూన్ 2025

అక్కా,

నీ ఉత్తరం గ్రీజు చేతులతోనే చదివాను, మరకలు పడ్డాయి. దాచుకోవడానికి ఇబ్బంది లేదు, నా దగ్గర అన్నీ మరకలవే.

బావకి మోకాళ్ల నొప్పులని నాకు ఇన్నాళ్లు చెప్పలేదేం? పోర్టులో అంత ఎత్తు క్రేన్ రోజూ ఎక్కి దిగిన మనిషి, రాకేం చేస్తుంది! ఈ ఉత్తరంతోపాటు పార్శిల్‌లో నూనె సీసా పంపుతున్నాను. రాత్రిపూట రుద్దమను. మీ ఫాదరు గారికి కూడా ఒక కార్డు రాశాను, బావ మోకాళ్ల కోసం ఆదివారం ప్రార్థన చెయ్యమని.

బండి గురించి చెప్తాను. షోరూమ్‌లో ఏ బండైనా పెళ్లికూతురే. కాపురం చేస్తే కదా గుణం తెలిసేది. కొన్న మూడేళ్లకి ఏ బండి ఏమని ఏడుస్తుందో నా షెడ్‌లో కనపడుతుంది. నా చెవులు పోయాయి కానీ అరచెయ్యి పోలేదు. బానెట్ మీద చెయ్యి వేస్తే ఇంజన్ నాతో మాట్లాడుతుంది. నాలుగు రోజులు టైమివ్వు, మూడు రకాలు చూస్తున్నాను.

ఏది కొన్నా సరే, నువ్వు మాత్రం స్టీరింగ్ దగ్గరికి పోవద్దు తల్లీ. అంబాసిడర్ కథ ఇక్కడ సూళ్లూరుపేటలో కూడా అందరికీ తెలుసు. మొన్న ఒకాయన కూతురి పెళ్లిలో చెప్తే నవ్వలేక చచ్చారు.

నవ్వుతూనే,
నీ ప్రకాశం


మైపాడు
18 జూన్ 2025
(రాసి, పోస్టు చెయ్యకుండా బైబిల్లో పెట్టుకున్నది)

ప్రకాశం,

నడిపేది నేనేరా.

మీ బావ మోకాళ్లకి ఏమీ కాలేదు. నొప్పి నాది. ఆయన నలభై మీటర్ల ఎత్తున కూర్చుని కంటైనర్లు ఎత్తాడు కానీ, రోడ్డు మీద గేదెల మధ్య నడపమంటే చెమటలు పట్టే మనిషి. "నేను నడపనుగాక నడపను, నువ్వు నేర్చుకో కుమారీ, నీకెవరు అడ్డం" అంటున్నాడు.

అడ్డం నువ్వే. నా ఇరవై ఎనిమిదో ఏట, నువ్వు పనిచేసే రైసు మిల్లు యజమాని అంబాసిడర్‌లో నాకు నేర్పిస్తానని కూర్చోబెట్టావు. నేను బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కాను. బండి ఆరబోసిన వడ్ల మీదుగా పోయి కాలవలో దిగింది. నీ ఉద్యోగం పోయింది. ఊరు వదిలిపోయావు. నువ్వు ఏ పెళ్లిలో ఆ కథ చెప్పినా నేను కూడా నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వలేదు. నా వల్లే నా తమ్ముడు పరాయి ఊళ్లో బతుకుతున్నాడని ముప్పై నాలుగేళ్లుగా నా మనసులో ఉంది.

ఇంకో మాట. నాలుగేళ్ల కిందట బస్సులో వస్తూ, కండక్టర్ నెల్లూరని అరిచింది వినపడక కావలి దాకా పోయావు. అప్పటినుంచి మన ఊరు రావడం మానేశావు. బస్సెక్కడానికి సిగ్గుపడుతున్నావని నాకు తెలుసు. నేనే బండి తీసుకుని వచ్చి నిన్ను తీసుకురావాలని నా కోరిక. అందుకే ఈ కారు.

ఇది నీకు పంపితే నువ్వు నవ్వుతావు. నవ్వితే నాకున్న ఈ కాస్త ధైర్యం కూడా పోతుంది.


మైపాడు
23 జూన్ 2025

ప్రకాశం,

ఆదివారం గుడిలో ఫాదరు గారు మీ బావ మోకాళ్ల పేరెత్తి ప్రార్థన చేశారు. మీ బావ ఉలిక్కిపడి మోకాళ్లు తడుముకున్నాడు. బయటికి రాగానే పదిమంది చుట్టుముట్టారు. ఎదురింటి ఎస్తేరమ్మ అయితే "ఎంత కష్టమొచ్చె టైటసన్నా, లేచి నిలబడగలవా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. కాదన్నకొద్దీ ఆయనకి ఓర్పు ఎక్కువని మెచ్చుకుంటున్నారు. నూనె సీసా మాత్రం బాగా పనిచేస్తోంది, ఎవరికని అడగొద్దు.

ఒక సందేహం. మనిషి ఐదడుగులే ఉంటే, ఆ ఎత్తు బండిలో కూర్చున్నప్పుడు ముందు రోడ్డు కనపడుతుందా? సీటు పైకి లేపుకునే ఏర్పాటు ఉంటుందా? తొందరగా చెప్పు.

అక్క


సూళ్లూరుపేట
27 జూన్ 2025

అక్కా,

నాకిప్పుడు అంతా అర్థమైంది. బావ ఆరడుగుల మనిషి. ఐదడుగులు ఎవరా అని రెండు రోజులు ఆలోచించాను. మీరు డ్రైవర్‌ని పెట్టుకుంటున్నారు! వాడికి మోకాలు నొప్పి, పైగా పొట్టి! అక్కా, దేశంలో డ్రైవర్లకి కరువొచ్చిందా? రోడ్డు కనపడనివాడి చేతిలో మిమ్మల్నిద్దరినీ పెట్టి నేనిక్కడ నిద్రపోవాలా?

వాడెవడో కానీ వద్దని చెప్పెయ్యి. ముత్తుకూరులో నా పాత స్నేహితుడు రంగనాయకులన్న ఉన్నాడు. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు బస్సు నడిపి ఒక్క కోడిని కూడా గుద్దని మనిషి. ఐదడుగుల తొమ్మిదంగుళాలు. ఆయనకి రాశాను, వచ్చే సోమవారం పొద్దున్నే మీ ఇంటికొస్తాడు. ఇడ్లీ పెట్టు, మిగతాది ఆయన చూసుకుంటాడు.

కోపంగా,
ప్రకాశం


మైపాడు
12 జూలై 2025

కోపిష్టి తమ్ముడికి,

నీ రంగనాయకులు గారు చెప్పినట్టే వచ్చారు. ఎనిమిది ఇడ్లీలు తిని, "బండి యాడుందమ్మా?" అన్నారు. బండి ఇంకా కొనలేదని చెప్పాను. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండాదే!" అని నవ్వారు. మంచి మనిషి. ఉండమన్నాను. రోజూ పొద్దున వస్తున్నారు. ఏం పని చేస్తున్నారో తర్వాత రాస్తాను.

షోరూమ్‌కి మళ్లీ వెళ్లాం. నేను ఊరికే వెళ్లలేదు. గాయకబృందం ఆడవాళ్లు ముగ్గుర్ని వెనక సీట్లో కూర్చోబెట్టాను, ఎస్తేరమ్మ మధ్యలో. ఆమె పట్టిందంటే ఎవరైనా పడతారు. నేను చీరతో పదిసార్లు ఎక్కి దిగాను. పాతిక కిలోల బియ్యం మూట ఇంటినుంచే తెచ్చి డిక్కీలో పెట్టించాను. ఒక బండికి డిక్కీ అంచు మరీ ఎత్తు, మూట ఎత్తేసరికి నడుము పట్టేసింది. షోరూమ్ అమ్మాయి పైకప్పులో కిటికీ తెరిచి చూపించింది. "ఎండ లోపలికి రావడానికి ఎదురు డబ్బులియ్యాల్నా?" అంది ఎస్తేరమ్మ. ఆ అమ్మాయి మూసేసింది.

సెప్టెంబరు 28 ఆదివారం మన కోత పండుగ. ఎండాకాలం నాటిన ఎడగారు పంట చేతికొస్తుంది, వేలంపాట బాగా జరుగుతుంది. నువ్వు చిన్నప్పుడు పాడి తెచ్చిన గుమ్మడికాయ నాన్న నెత్తి మీద పెట్టుకుని ఇంటికి మోసిన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈసారి రా.

అక్క


సూళ్లూరుపేట
20 జూలై 2025

అక్కా,

తీర్పు రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు.

మొదటిది, పైకప్పు కిటికీ ఉన్నది. హంగులెక్కువ. ముందు టీవీలాంటి తెర పెద్దది, సీట్లకి గాలి కూడా వస్తుంది. కానీ ఆ హంగులన్నీ పై రకంలోనే, మీరు కొనే ధరలో దొరికేదాంట్లో ఆ తెర తప్ప ఏమీ ఉండదు. బొమ్మ చూసి పుస్తకం కొన్నట్టు.

రెండోది టర్బో ఇంజన్‌ది. పొగరుబోతు, హైవే మీద గుర్రం. ఊళ్లో మెల్లగా పోయేవాళ్లకి పెట్రోలు ఎక్కువ తాగుతుంది. నాలుగేళ్లు దాటాక దాని మరమ్మతులు నాలాంటివాడికి పండుగ, కొన్నవాడికి కాదు.

మూడోది మా బడిపంతులు గారు వాడుతున్నది. మూడు సిలిండర్ల ఇంజను, ఆగి ఉన్నప్పుడు కొద్దిగా వణుకుతుంది. గేర్లు తనే మార్చుకునే రకం తీసుకోండి. మార్చేముందు ఒక్క క్షణం ఆలోచిస్తుంది, బావలాగా. కానీ క్లచ్ అసలుండదు, మోకాలికి పనే లేదు. నేలకీ కడుపుకీ మధ్య జానెడు సందు, మీ కట్టలకి సరిపోతుంది. గుద్దుకుంటే ఉబ్బే గాలిసంచులు ఆరున్నాయి. సీటు పైకి లేస్తుంది. నెల్లూరులోనే సర్వీసు. కింద తుప్పు పట్టకుండా పూత మాత్రం మొదటిరోజే వేయించు, సముద్రపుగాలి ఏ కంపెనీనీ గౌరవించదు. పంతులు గారు మూడేళ్లలో నా దగ్గరికి నూనె మార్పించడానికి తప్ప దేనికీ రాలేదు. నాకు నష్టమే, అయినా నిజం చెప్పాలి కదా.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర రాస్తున్నాను. డ్రైవరు ఎవడైనా బతుకుతాడు, నువ్వు కూర్చునేది ఎడమవైపు. అందుకని పంతులు గారిని అడిగి ఆ ఎడమ సీట్లో గంటసేపు కూర్చున్నాను. కాళ్ల దగ్గర నీ టీకాల పెట్టెంత అట్టపెట్టె పెట్టుకున్నాను. పట్టింది. ఏసీ గాలి మొహానికి కొట్టకుండా తిప్పుకోవచ్చు. నడుముకి ఆనిక ఉంది. పక్కన టీ గ్లాసు పెట్టుకోవడానికి చోటుంది. కళ్లు మూసుకుని కొనండి.

కోత పండుగకి రాలేను. షెడ్‌లో పని.

ప్రకాశం


మైపాడు
29 ఆగస్టు 2025

ప్రకాశం,

నువ్వు చెప్పిందే కొన్నాం. మిరపపండు రంగు. పదో తారీకు ఇంటికొచ్చింది. ఫాదరు గారు ప్రార్థన చేశారు, పక్కింటి మాలకొండమ్మ నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. "రెండూ పనిచేయకపోతే ఇన్సూరెన్స్ ఉండాది" అన్నాడు మీ బావ.

మొన్న బుధవారం బండికి దెబ్బ తగిలింది. వెనక్కి తీస్తుంటే ఎస్తేరమ్మ ఎండుచేపల పందిరికి కొట్టుకుంది. పందిరి మొత్తం కూలిపోయింది. మనుషులకి ఏమీ కాలేదు. బండి వెనక దీపం పగిలింది. రెండు రోజులుగా డిక్కీలో నెత్తళ్ల వాసన.

బండి అమ్మేద్దామని ఉంది. నాకిక మనసు లేదు.

అక్క


సూళ్లూరుపేట
4 సెప్టెంబరు 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి నా రక్తం మరిగింది. ముప్పై ఏళ్లు కోడిని గుద్దని మనిషి మీ ఇంటికొచ్చి చేపలమీద పడ్డాడా! రంగనాయకులన్నకి కళ్లు పోయినట్టున్నాయి. ఆయనకి నేనే గట్టిగా రాశాను. రేపటినుంచి మానిపించు. దీపం నేను పంపుతాను.

నెల తిరక్కముందే బండి అమ్మడమేమిటి? నువ్వేం చేశావని నీకు మనసు లేకపోవడం?

ప్రకాశం


మైపాడు
9 సెప్టెంబరు 2025

ప్రకాశం,

పాపం రంగనాయకులు గారు నీ ఉత్తరం జేబులో పెట్టుకుని వచ్చి, "నా జలమలో నన్నెవురూ ఇట్టా తిట్టలేదమ్మా. అయినా నీ పేరు జెప్పలేదు, జెప్పను" అన్నారు. ఆయనకి ఇడ్లీ పెట్టి, లోపలికొచ్చి ఈ కాగితం తీశాను. ఇంక దాచలేను.

దీంతోపాటు జూన్‌లో రాసి పంపకుండా పెట్టుకున్న ఉత్తరం పంపుతున్నాను. ముందు అది చదువు, తర్వాత ఇది.

చదివావా? పందిరి కూల్చింది నేను. ఆగస్టు ఇరవైన పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకున్నాను. రంగనాయకులు గారు రోజూ వచ్చింది నాకు నేర్పడానికే, బండి వచ్చేదాకా వరండా కుర్చీలో కూర్చోబెట్టి నేర్పారు. ఆయన పక్కనుంటే కట్టల మీద కూడా నడిపాను. ఆ బుధవారం ఒంటరిగా తీశాను. పందిరి దగ్గరికొచ్చేసరికి అంబాసిడర్ గుర్తొచ్చింది. ఏది బ్రేకో మరిచిపోయాను. నువ్వు పెళ్లిళ్లలో చెప్పేదే నిజం, నా కాలికి బుద్ధి లేదు.

ఎస్తేరమ్మ తిట్టిందనుకున్నావా? చేపలన్నీ ఏరుకుని, "పోతే పోయినయిలే. నన్ను నెల్లూరు కంటాసుపత్రికి ఎప్పుడు తీసకపోతావు?" అంది. ఆ మాటకే ఏడుపొచ్చింది. ఊరంతా నన్ను నమ్ముతోంది. నా మీద నాకే నమ్మకం లేదు.

ఇక నవ్వుకో.

అక్క


సూళ్లూరుపేట
13 సెప్టెంబరు 2025

అక్కా,

నవ్వలేదు. షెడ్ మూసేసి కూర్చున్నాను.

ఆ రోజు నువ్వు తొక్కింది బ్రేకే.

ముందురోజు నేను అంబాసిడర్ బ్రేకు పైపు విప్పాను. బిగించడం మరిచిపోయాను. నూనె కారిపోయింది. నువ్వు తొక్కితే పెడల్ నేలకి ఆనుకుంది, బండి ఆగలేదు. నువ్వు భయపడి పక్కది కూడా తొక్కావు, అంతే. కాలవలోంచి బండి పైకి లాగాక కింద దూరి చూసింది నేనే. నట్టు వదులుగా ఉంది. ఎవరూ చూడకముందు బిగించేశాను. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మెకానిక్‌గా పేరు పోతే ఇంకెవడు పనిస్తాడని భయం. నువ్వు "తప్పు నాదే" అని ఏడుస్తూ యజమాని కాళ్ల మీద పడ్డావు. నేను నోరు మూసుకున్నాను. ఎట్లాగూ ఉద్యోగం పోయింది, నిజం చెప్పినా పోయేదే. అయినా చెప్పలేదు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కుండానే ఆ కథ అందరికీ నేనే ముందు చెప్పేవాణ్ని. నేను నవ్విస్తే ఇంకెవరూ బ్రేకు గురించి అడగరని. నువ్వు ఇంటికెళ్లి ఏడుస్తావని నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

నీ కాలికి బుద్ధుంది. నా చేతికే లేదు. బండి అమ్మొద్దు. నన్ను ఏమన్నా అను, బండి మాత్రం అమ్మొద్దు. రంగనాయకులన్నకి క్షమాపణ రాశాను. నీకెట్లా రాయాలో తెలియడం లేదు.

ప్రకాశం


మైపాడు
18 సెప్టెంబరు 2025

ఒరేయ్ ప్రకాశం,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నీ వీపు విమానం మోత మోగించాలనిపించింది. రెండోసారి ఏడ్చాను. మూడోసారి చదివేసరికి లేచి చెప్పులు వేసుకుని, తాళంచెవి తీసుకుని, బండి వెనక్కి తీశాను. ఎస్తేరమ్మ పరుగెత్తుకొచ్చి పందిరికి అడ్డంగా నిలబడింది. ఆమెకి మూరెడు దూరంలో ఆపాను. బ్రేకు మీదే ఉంది నా కాలు. బీచి దాకా పోయి వచ్చాను. ముప్పై నాలుగేళ్ల బరువు దిగింది, నాకే తేలిగ్గా ఉందో బండికే తేలిగ్గా ఉందో తెలియలేదు.

మీ బావ అంతా విని, "ఆ గుడిలో ప్రార్థన మోకాళ్లకి గాదు, మీవాడి నోటికి జేయాల్సింది" అన్నాడు.

నీకు శిక్ష వేస్తున్నాను. 27వ తారీకు శనివారం పొద్దున ఎనిమిదికల్లా తెల్లచొక్కా వేసుకుని షెడ్ ముందు నిలబడు. షెడ్‌లో పని అని రాశావంటే షెడ్ మీదికే తోలుతాను. కోత పండుగలో గుమ్మడికాయ నువ్వే పాడాలి, నువ్వే మొయ్యాలి. పెళ్లిళ్లలో చెప్పిన కథ అసలు ఎట్లా జరిగిందో మన ఊరివాళ్లకి నీ నోటితో చెప్పాలి. నవ్వేలాగే చెప్పు. ఈసారి నేను ఇంటికొచ్చాక కూడా నవ్వుతాను.

డ్రైవరు,
ఆనందకుమారి (ఐదడుగులు)


మిరపపండు బండిలో, గూడూరు దాటాక
27 సెప్టెంబరు 2025

అక్కా,

పక్కనే కూర్చుని ఉత్తరమేమిటని నువ్వు కళ్లు పెద్దవి చేసి చూస్తున్నావు. నన్ను చూడొద్దు, రోడ్డు చూడు. నువ్వు మాట్లాడేది నాకు వినపడదు, నేను మాట్లాడితే నువ్వు "డ్రైవర్‌తో మాట్లాడకూడదు" అని వేలు చూపిస్తున్నావు. వెనక సీట్లో రంగనాయకులన్న నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి నీ బండిలో నిద్రపోయాడంటే అంతకంటే పెద్ద లైసెన్సు ఏ ఆఫీసూ ఇవ్వలేదు. వాసన గురించి ఏమీ అనను, నెత్తళ్లు నాకిష్టమే.

నువ్వు షెడ్ ముందు ఆగినప్పుడు నేను ఏడవలేదు. కంట్లో గ్రీజు పడింది.

ఇందాక నాయుడుపేట దగ్గర గేదెలు అడ్డమొచ్చాయి. నేను కళ్లు మూసుకుని డాష్‌బోర్డు మీద అరచెయ్యి వేశాను. బండి మెత్తగా తగ్గి ఆగింది. కళ్లు తెరిచేసరికి నువ్వు గేదెలకి దణ్ణం పెడుతున్నావు.

బండి మీద ఆఖరి తీర్పు రాస్తున్నాను. ఎడమవైపు సీటు నీకోసమని గంటసేపు కూర్చుని ఎంచాను. నాకు సరిగ్గా సరిపోయింది. బ్రేకుల సంగతి నువ్వు భయపడకు. పొద్దున నువ్వు టీ తాగుతుంటే నాలుగు చక్రాలూ విప్పి చూసి, ప్రతి నట్టూ రెండుసార్లు బిగించాను.

నీ తమ్ముడు